ఫోన్‌లోనూ మీ రాత చదవగలగాలి

(డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీలు చేసేవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్‌లో ఫొటోలు, రాత కలిపి స్క్రాప్‌బుక్ పేజీలు చేస్తున్నవాళ్లే. కాబట్టి ఫొటోలు పేర్చడం, వెనక పేపర్లు ఎంచుకోవడం, నీడలు వేయడం గురించి ఇవాళ మాట్లాడను. పేజీ అయిపోయాక ఒక పని ఉంటుంది కదా, దాన్ని చిన్నది చేసి, సేవ్ చేసి, వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టడం. ఆ పని గురించే మాట్లాడతాను. చాలామంది దీన్ని రెండు క్లిక్కుల్లో కానిచ్చేస్తారు. కానీ మీ బంధువుల్లో, స్నేహితుల్లో దాదాపు అందరూ చూసేది ఆ చిన్న కాపీనే. అచ్చు వేయించిన ఆల్బం మీ ఇంట్లో ఉంటుంది, అసలు ఫైలు మీ హార్డ్ డిస్కులో ఉంటుంది. కాకినాడలో ఉన్న మేనత్తకైనా న్యూజెర్సీలో ఉన్న పిన్నికైనా చేరేది ఫోన్‌లోకి వచ్చిన బొమ్మ ఒక్కటే.

ఒక అన్నప్రాశన పేజీ అనుకుందాం. మధ్యలో పాప ఫొటో, ముందు పుస్తకం, పెన్ను, బంగారం పెట్టారు. పక్కన మీరు ఐదారు వాక్యాలు రాశారు. పాప మొదట పుస్తకం వైపు పాకి, సగం దూరం వెళ్లాక మనసు మార్చుకుని తాతయ్య కళ్లజోడు పట్టుకుందని రాశారు. పాయసం ఎవరు చేశారో, ఆ పట్టు లంగా ఎవరు కుట్టించారో రాశారు. ఇవేవీ ఫొటోలో కనపడవు. ఆ పిల్ల పెద్దయ్యాక వెతుక్కునేది వీటినే. ఉత్త ఫొటో పంపకుండా ఇంత కష్టపడి పేజీ చేయడానికి కారణమే ఈ రాత. పంపిన కాపీలో ఫొటో చక్కగా కనిపించి, రాత చీమల బారులా ఉంటే పేజీ సగమే వెళ్లినట్టు. అందుకే నేను ఏ కాపీకైనా ఒక్కటే పరీక్ష పెడతాను. మామూలు ఫోన్‌లో తెరిచి, వేళ్లతో కొంచెం పెద్దది చేస్తే రాత హాయిగా చదవగలుగుతున్నామా లేదా? ఇవాళ చెప్పే సైజులు, సెట్టింగులు అన్నీ ఈ ప్రశ్న కోసమే.

ముందు లెక్క చూద్దాం. మన పేజీ మామూలుగా 12 అంగుళాల చదరం. కాగితం ఆల్బంల కొలతే డిజిటల్‌లోకీ వచ్చింది. అంగుళానికి 300 పిక్సెళ్ల (బొమ్మలోని చిన్న చుక్కల) చొప్పున అది 3600 బై 3600. అంటే కోటి 29 లక్షల 60 వేల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు వేసుకున్నా, ఏ లేయర్లూ (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు) లేకుండానే దాదాపు 39 ఎంబీ. లేయర్లన్నీ ఉన్న ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైలు వందల ఎంబీలకు పోతుంది. దీన్ని ఎవరికీ పంపలేం, పంపనక్కర్లేదు కూడా.

ఒకప్పుడు అందరూ 600 బై 600కి కుదించేవాళ్లు. మానిటర్లు చిన్నవి, నెట్ నెమ్మది, అప్పటికి అది సరిపోయింది. ఇప్పటికీ ఆ అంకెను పట్టుకుని ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. 600కి కుదిస్తే మిగిలేవి 3 లక్షల 60 వేల పిక్సెళ్లు, అంటే 36 వంతుల్లో ఒక వంతు. ఇక అక్షరం సంగతి. 12 పాయింట్ల అక్షరానికి అసలు పేజీలో 50 పిక్సెళ్ల ఎత్తు చోటు దొరుకుతుంది. 600 కాపీలో అదే అక్షరానికి 8 పిక్సెళ్లు దొరుకుతాయి. ఇంగ్లిష్ అక్షరాలు అందులో ఏదో ఇరుక్కుంటాయి. తెలుగుకు ఆ చోటు చాలదు. పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఒక్కోసారి దాని కింద ఇంకో ఒత్తు. "లక్ష్మి" అని రాసి 8 పిక్సెళ్లలో చూడండి, కింద ఉన్నది మ ఒత్తో మరకో చెప్పలేం. ద, ధ మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. వ, ప మధ్య తేడా తలకట్టు అంటుకుని ఉందా, విడిగా ఉందా అన్నదే. ఆ సందు అసలు పేజీలో నాలుగైదు పిక్సెళ్లు ఉంటే కాపీలో ఒక పిక్సెల్ కూడా మిగలదు. అందుకని ఇంగ్లిష్ పేజీల కోసం ఎవరో చెప్పిన సైజును మనం యథాతథంగా తీసుకోకూడదు.

అదే పేజీని 1200కి కుదిస్తే ఆ అక్షరానికి 17 పిక్సెళ్లు దొరుకుతాయి. 2048కి కుదిస్తే 28. అయితే పిక్సెళ్లు ఎన్ని ఉన్నా ఫోన్ వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లే. మన పేజీ ముప్పై సెంటీమీటర్ల పైచిలుకు. కాగితం మీద 4 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరం ఫోన్‌లో 1 మిల్లీమీటరు అయిపోతుంది. కాబట్టి చూసేవాళ్లు వేళ్లతో పెద్దది చేయక తప్పదు. అలా చేసినప్పుడు లోపల వివరం ఉండాలి. 600 కాపీలో ఉండదు, 2048 కాపీలో ఉంటుంది. అందుకే ఈ రోజుల్లో తెలుగు రాత ఉన్న పేజీకి 2048 సరైన సైజు అని నా అభిప్రాయం. మరీ తగ్గించాల్సి వస్తే 1200 దగ్గర ఆగండి.

ఇంకా మంచి ఉపాయం పేజీ చేసేటప్పుడే ఉంది. పంచుకునే ఉద్దేశం ఉంటే రాతను 12 పాయింట్లలో కాకుండా 16, 18 పాయింట్లలో పెట్టండి. సన్నగీతల ఫాంటు శీర్షికకు వాడుకోండి, రాతకు మందం అంతటా ఒకేలా ఉండే ఫాంటు తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో శాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి, కుదించినా తట్టుకుంటాయి. పంక్తుల మధ్య దూరం ఇంగ్లిష్‌కన్నా ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. "నెట్‌లో పెట్టాలంటే 72 డీపీఐ చేయాలి" అని ఇప్పటికీ చెబుతుంటారు. తెరకు ఆ అంకెతో పని లేదు. ఫొటోషాప్ ఇమేజ్ సైజ్ పెట్టెలో రీశాంపుల్ (పిక్సెళ్ల సంఖ్య మార్చడం) టిక్ తీసేసి 300ని 72 చేయండి, ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు. అచ్చు వేసేటప్పుడు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పరచాలో ప్రింటర్‌కు చెప్పే సూచన అది, అంతే. మీరు చూడాల్సింది వెడల్పు ఎన్ని పిక్సెళ్లు, ఎత్తు ఎన్ని పిక్సెళ్లు అన్నదే. టిక్ ఉంచి 72 కొడితే మాత్రం 3600 కాస్తా 864 అవుతుంది. ఎందుకు చిన్నదైందో తెలియక టెన్షన్ పడేవాళ్లలో చాలామంది దగ్గర జరిగింది ఇదే.

ఇప్పుడు పని వరస. ముందు ఒక హెచ్చరిక. లేయర్లున్న అసలు ఫైలును తెరిచి, దాన్నే కుదించి, అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కితే మూడు వారాలు చేసిన పేజీ 1200 పిక్సెళ్ల బొమ్మగా మిగులుతుంది. ఆ ఫైలు మూసేశాక వెనక్కి రావడానికి దారి ఉండదు. అందుకే మొట్టమొదటి పని డూప్లికేట్. ఫొటోషాప్‌లో ఇమేజ్ మెనూలో డూప్లికేట్ అని ఉంటుంది. అందులో కలిపేసిన లేయర్లు మాత్రమే అనే టిక్ కూడా పెట్టండి. లేయర్లన్నీ ఒక్కటైన కొత్త కాపీ వస్తుంది. అసలు ఫైలు వెంటనే మూసేయండి. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కూడా ఇమేజ్ మెనూలోనే డూప్లికేట్ ఉంటుంది, ఆ తర్వాత ఫ్లాటెన్ ఇమేజ్. జింప్‌లో ఒక రక్షణ ఉంది. సేవ్ నొక్కితే దాని సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలుగానే సేవ్ అవుతుంది, మామూలుగా పంపుకునే జేపెగ్ ఫొటో కావాలంటే ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లాలి. అయినా కుదించిన పేజీని అదే పేరుతో సేవ్ చేసే ప్రమాదం అక్కడా ఉంది.

కలిపేశాకే ఎందుకు కుదించాలంటే, నీడల వల్ల. ఫొటో కింద మీరు వేసిన నీడ లేయర్ స్టైల్ (ఫొటోషాప్ పొరకు తగిలించే ఎఫెక్ట్) అయితే దాని కొలత పిక్సెళ్లలో ఉంటుంది. స్కేల్ స్టైల్స్ టిక్ లేకుండా లేయర్లతో సహా కుదిస్తే ఫొటో చిన్నదవుతుంది, నీడ మాత్రం పాత సైజులోనే ఉంటుంది. ఫొటోలు కాగితానికి అంగుళం ఎత్తున గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తాయి. కలిపేసిన కాపీలో ఈ గొడవ రాదు.

కుదించేటప్పుడు పద్ధతి ఎంచుకోమంటే బైక్యూబిక్ షార్పర్ అని, తగ్గించడానికి అని రాసి ఉన్నదాన్ని తీసుకోండి. జింప్‌లో క్యూబిక్ సరిపోతుంది. కుదించాక బొమ్మ కొంచెం మెత్తబడుతుంది. అప్పుడు అన్‌షార్ప్ మాస్క్ (అంచులకు పదునుపెట్టే ఫిల్టర్) చాలా తక్కువగా, రేడియస్ 0.3 నుంచి 0.5 మధ్య, అమౌంట్ 50, 60 దగ్గర పెట్టి చూడండి. నూరు శాతం జూమ్‌లో చూసుకుంటూ చేయండి. అక్షరాల చుట్టూ తెల్ల గీత కనిపించిందంటే ఎక్కువైనట్టే. కుట్టు దారాలు, గ్లిట్టర్ ఉన్న పేజీలకు ఇంకా తక్కువ చాలు, పిల్లల చర్మం గరుకుగా కనిపించకూడదు. షార్ప్‌నింగ్ ఎప్పుడూ కుదించాకే, చివరి సైజు మీదే.

సన్న గళ్ల పేపర్లు వాడినవాళ్లకు ఒక మాట. మంగళగిరి చీర గళ్లను స్కాన్ చేసి వెనక పేపరుగా పెడితే ఎంతో అందంగా ఉంటుంది. కుదించాక ఆ గళ్ల మీద లేని అలలు, వలయాలు తేలతాయి. పిక్సెళ్ల వరసలకు, గళ్ల వరసలకు లెక్క కుదరకపోవడం వల్ల వచ్చేది అది. 3600ని సమంగా భాగించే సైజులు, 1800, 1200 లాంటివి ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే అసలు ఫైలు కాపీలో ఆ పేపరు లేయర్ ఒక్కదానికే కొద్దిగా బ్లర్ ఇచ్చి, తర్వాత కలిపి కుదించండి.

రంగుల విషయం త్వరగా చెబుతాను, కానీ వదిలేయకండి. తెరల కోసం హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చిన రంగుల ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ. మీ ఫైలు అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకో ప్రమాణంలో ఉంటే, ఫైలుతో వచ్చే రంగుల ప్రొఫైల్ పట్టించుకోని యాప్‌లో కుంకుమ రంగు ఇటుక రంగులా, చిలకపచ్చ పాలిపోయి కనిపిస్తాయి. ఫొటోషాప్ ఎడిట్ మెనూలో కన్వర్ట్ టు ప్రొఫైల్‌కు వెళ్లి ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. దాని పక్కనే అసైన్ ప్రొఫైల్ ఉంటుంది, అది వేరే పని, దాన్ని ముట్టుకోవద్దు.

ఇక సేవ్ చేయడం. జేపెగ్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే క్వాలిటీ అంకెను గుడ్డిగా పెట్టనక్కర్లేదు. దీని వెనకున్న గణితాన్ని 1974లో ఒక పరిశోధన పత్రంగా ప్రచురించినవాళ్లు ముగ్గురు. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పాఠం చెప్పిన కమిశెట్టి రామమోహనరావు. మనం రోజూ పంపుకునే ప్రతి జేపెగ్ ఫొటోలో వాళ్ల పని ఉంది. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దాని మీదే నిలబడింది. బొమ్మను 8 బై 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిని నెమ్మదిగా మారే అలలు, వేగంగా మారే అలలు కలిసినదిగా లెక్కిస్తుంది. మన కన్ను వేగంగా మారే వాటిని సరిగ్గా పట్టుకోదు కాబట్టి వాటిని ఉజ్జాయింపుగా రాసుకుని చోటు మిగిలిస్తుంది. ఆకాశం, బుగ్గ, గోడ లాంటి వాటికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. అక్షరం అంచు మాత్రం తెలుపు నుంచి నలుపుకు ఒక్కసారిగా మారుతుంది. అక్కడ ఉజ్జాయింపు పనికిరాదు, అంచు చుట్టూ మసక చుక్కలు తేలతాయి. చూశారా, మళ్లీ దెబ్బ తగిలేది రాతకే.

దానికి తోడు, చాలా సందర్భాల్లో జేపెగ్ వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచుకుని, రంగు వివరాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున ఉంచుకుంటుంది. ముదురు ఆకుపచ్చ పేపరు మీద ఎర్ర అక్షరాలు రాశారనుకోండి, రెండింటి వెలుగు దాదాపు ఒకటే, తేడా అంతా రంగులోనే ఉంది. ఆ తేడాలోనే జేపెగ్ ముప్పావు వంతు వివరం పారేసింది. లేత పసుపు మీద ముదురు గోధుమ రంగుతో రాస్తే ఈ నష్టం కనపడదు. జింప్ ఎక్స్‌పోర్ట్‌లో సబ్‌శాంప్లింగ్ అనే చోట 4:4:4 ఎంచుకుంటే రంగు కూడా పూర్తిగా ఉంటుంది. కానీ మీరు ఎంత బాగా సేవ్ చేసినా యాప్‌లు తమ పద్ధతిలో మళ్లీ కుదిస్తాయి. అందుకని వెలుగులో తేడా ఉండే రంగులు ఎంచుకోవడమే నమ్మకమైన మార్గం.

క్వాలిటీ నూటికి 85 దగ్గర పెట్టండి. రాత ఎక్కువున్న పేజీకి 90. ఫొటోషాప్ మామూలు సేవ్‌లో కొలత 12 వరకే ఉంటుంది, అక్కడ 10 చాలు. 100 పెడితే ఫైలు బరువు పెరుగుతుంది, కంటికి తేడా తెలియదు. ఒకసారి సేవ్ చేసిన జేపెగ్‌ను తెరిచి, ఏదో సరిచేసి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత పోతుంది. తప్పు కనిపిస్తే అసలు ఫైలులో దిద్ది కొత్త కాపీ తీయండి. ఫొటోలు లేకుండా ఉత్త రాత, చదునైన రంగులు ఉన్న పేజీ అయితే పీఎన్‌జీ మంచిది, అంచులు చెక్కుచెదరవు. ఫొటోలతో నిండిన పేజీకి పీఎన్‌జీ వాడితే బరువు చాలా పెరుగుతుంది.

ఏ యాప్‌కు ఏ సైజు అంటే, ఫేస్‌బుక్‌కు పొడవు వైపు 2048. ఇన్‌స్టాగ్రామ్‌కు వెడల్పు 1080. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో సంగతి ఉంది. 2025 ఆరంభం నుంచి ప్రొఫైల్‌లో బొమ్మలు చదరంగా కాకుండా నిలువు పెట్టెల్లో కనిపిస్తున్నాయి. మన చదరం పేజీకి అక్కడ రెండు వైపులా ఒకటిన్నర అంగుళం చొప్పున కత్తిరింపు పడుతుంది. తెరిస్తే మొత్తం కనిపిస్తుందనుకోండి, కానీ శీర్షిక అంచుకు ఉంటే బయటికి సగం మాటే కనపడుతుంది. 1080లో తెలుగు రాత కష్టం కాబట్టి అక్కడ నేను రెండో బొమ్మ కూడా పెట్టమంటాను. మొదటిది పూర్తి పేజీ, రెండోది రాత ఉన్న భాగం మాత్రం అసలు ఫైలు నుంచి కత్తిరించినది. పక్కకు జరిపితే హాయిగా చదువుకుంటారు. రెండు పేజీల స్ప్రెడ్ చేసినవాళ్లు కూడా ఒకే అడ్డం బొమ్మగా పెట్టకుండా ఇలా విడదీసి పెట్టండి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది తనంతట తాను కుదిస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కి పంపండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ముట్టుకోదు. అచ్చు వేయించుకోవాలనుకునే బంధువులకు 3600 జేపెగ్‌ను అలాగే పంపండి.

పేజీలు చాలా ఉంటే ఫొటోషాప్‌లో ఫైల్, స్క్రిప్ట్స్ కింద ఇమేజ్ ప్రాసెసర్ ఉంది. ఫోల్డర్ చూపిస్తే అన్నింటినీ కుదించి, ఎస్‌ఆర్‌జీబీ చేసి, జేపెగ్‌లుగా వేరే ఫోల్డర్‌లో పెడుతుంది. అసలు ఫైళ్లు భద్రం.

ఒక ముఖ్యమైన విషయం. మనం ఇంత కష్టపడి అక్షరాలు చదవగలిగేలా చేస్తున్నాం. అంటే పేజీలో ఉన్న ప్రతి అక్షరమూ చదవగలుగుతారు. బారసాల కార్డు స్కాన్ చేసి మూలన పెట్టి ఉంటారు, దాని మీద ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. పుట్టిన పాప చేతికి ఆసుపత్రి పట్టీ, బడి ఐడీ కార్డు, వెనక కారు నంబరు, ఇవన్నీ చూసుకోండి. అందరికీ కనిపించేలా పెట్టే కాపీలో వాటిని ఒక పువ్వుతోనో ట్యాగుతోనో కప్పేయండి. ఫోన్ ఫొటోను తెరిచి దాని మీదే పేజీ కట్టి ఉంటే, ఆ ఫొటో ఎక్కడ తీశారన్న సమాచారం కూడా ఫైలులో మిగిలిపోవచ్చు. ఫొటోషాప్ సేవ్ ఫర్ వెబ్‌లో మెటాడేటా దగ్గర "నన్" (ఏదీ వద్దు) అన్నది ఎంచుకోండి. జింప్‌లో ఎక్సిఫ్ టిక్ తీసేయండి. డాక్యుమెంట్‌గా పంపేటప్పుడు ఇది మరీ ముఖ్యం, అందులో ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.

కిట్ (పేజీలో వాడే పేపర్లు, పువ్వులు, రిబ్బన్ల సెట్) తయారుచేసినవాళ్ల పేరు, ఫాంటు పేరు పేజీ కింద రాయండి. వాళ్ల పువ్వులు, రిబ్బన్లు విడిగా పీఎన్‌జీలుగా గానీ, లేయర్లున్న ఫైలుగా గానీ స్నేహితులకు ఇవ్వకండి. చాలా కిట్ల షరతులు దాన్ని ఒప్పుకోవు. ఒప్పుకోకపోవడం న్యాయమే, అది వాళ్ల జీవనాధారం.

ఇప్పుడు ప్రశ్నలు. అమ్మా, మీరు చెప్పండి.

(సభలో ఒకరు: ఫొటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. కుదించడం వల్లా?)

కాదమ్మా, కుదించకముందే విడిపోయి ఉంటాయి, గమనించి ఉండరు. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కు వెళ్లి, మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకుని, ఫొటోషాప్ మూసి తెరవండి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి. ఒత్తులు వాటి చోట్లకు వస్తాయి.

(ఇంకొకరు: పాత కంప్యూటర్ పోయింది. మా అబ్బాయి అక్షరాభ్యాసం పేజీ 600 కాపీ ఒక్కటే మిగిలింది. దాన్ని పెద్దది చేయొచ్చా?)

పెద్దది చేయడానికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయండి, కానీ అవి ఊహించి నింపుతాయి. ముఖాలు మారిపోవచ్చు, తెలుగు అక్షరాలైతే అర్థం లేని గీతలవుతాయి. 600 పిక్సెళ్లు 300 చొప్పున అచ్చుకు రెండు అంగుళాలు వస్తాయి. దాన్ని అలాగే రెండు అంగుళాల బొమ్మగా కొత్త పేజీలో ఒక మూలన పెట్టండి. ఆ రోజు తీసిన ఫొటోలు పాత ఫోన్లలో, మెమరీ కార్డుల్లో, బంధువుల వాట్సాప్‌లలో ఉన్నాయేమో అడిగి తెప్పించుకోండి. ఆ కాపీలో రాత ఎంత అర్థమైతే అంత చదివి, మిగిలింది మీకు గుర్తున్నప్పుడే మళ్లీ టైపు చేయండి. ఈసారి 18 పాయింట్లలో.